గ్యాస్ సెట్టు లేకుండా లావు ఇనుము, మధ్యలో రైలు పట్టా గొడవ

శీను: రికార్డరు ఎర్ర లైటు వెలిగింది బావా. నమస్కారం, చెన్నై నుంచి మళ్ళీ మేమే. ఇవాళ్టి సంగతి, గ్యాస్ కటింగ్ లేకుండా ఇంట్లో లావు ఇనుము కొయ్యడం. అడిగినాయన దగ్గర 20 ఎంఎం ప్లేటుంది, అడుగుకి అడుగు.

బావ: 14 కిలోల పైనే తూగుతుంది. మేడ మీదికి మోశాడా? పుదుపేటలో కొన్నచోటే కోయించుకుంటే పోయేదిగా.

శీను: కోయించుకునేవాడు మనల్ని ఎందుకు వింటాడు?

(నవ్వులు)

శీను: నాలుగంగుళాల గ్రైండర్ చాలు. డిస్కు 100 ఎంఎం అయినా దాన్ని బిగించే ఫ్లేంజి, గేర్లుండే తల అడ్డొస్తాయి, లోపలికి దిగేది అంతలో పావు వంతే, అరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. అందుకని రెండు వైపుల నుంచీ కొయ్యాలి. ముందు గీత మీద పైపైన గాడి పెట్టుకుని, కొంచెం కొంచెంగా దింపాలి. ఒకేసారి నొక్కితే డిస్కు బిగుసుకుని మిషను మన మీదికే తన్నుతుంది.

బావ: రింగు మీద తేదీ చూశాడా?

శీను: మొదలెట్టాడు.

బావ: నవ్వకురా. రెజిన్ జిగురుతో అతికిన డిస్కది. నడిమి ఇనుప రింగు మీద గడువు కొట్టి ఉంటుంది, తయారైన 3 ఏళ్ళకి అయిపోతుంది. మూలపడ్డవి సగం ధరకిస్తే సంచి నింపుకొచ్చే రకాలు నాకు తెలుసు.

శీను: నన్నే చూస్తూ చెప్పకు. గార్డు తీసి ఏడంగుళాల డిస్కు ఎక్కించే మహానుభావులు ఇంకా ఘోరం. అది నిమిషానికి 8,500 చుట్లు దాటకూడదు, చిన్న గ్రైండర్ 11,000 కొడుతుంది. సరే, గ్రైండర్ లేకపోతే వరసగా బెజ్జాలు వెయ్యడమే. 6 ఎంఎం బిట్టు, 7 ఎంఎం దూరం, నూనె పోస్తూ. మధ్యలో మిగిలిన పలుచటి గోడల్ని హ్యాక్సాతో తెంపి, ఆకురాయి పట్టడం. హ్యాక్సా బ్లేడు అంగుళానికి 18 పళ్ళది కొనండి, పళ్ళు ముందుకి చూడాలి. నెమ్మదిగా, బ్లేడు పొడవంతా వాడాలి. అయిపోయింది. ఇంకో ఉత్తరం: రైలు పట్టా ముక్కతో దాగలి, అదే కమ్మరి దిమ్మ, చేసుకుంటాడట, కొయ్యడమెలా అని.

బావ: కొయ్యొద్దను.

శీను: ఎందుకు? లోకమంతా చేస్తోంది.

బావ: లోకం వేరు, మన చట్టం వేరు. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ఉంది. ముక్క దొరికితే సక్రమంగా వచ్చిందని నువ్వే రుజువు చెయ్యాలి. లేకపోతే ఐదేళ్ళ దాకా జైలు.

శీను: స్క్రాపు వేలంలో కొన్నవాళ్ళు లేరా?

బావ: ఉన్నారు, కాగితం ఉంటుంది. ఇతని చేతిలో కాగితం ఉందా?

శీను: ముక్క కనిపించగానే దొంగంటే ఎలా? మా ఇంట్లో తలుపుకి అడ్డం పెట్టింది ఏమిటి మరి?

బావ: అదే అడుగుతున్నా. మామయ్య ఎక్కడి నుంచి తెచ్చాడు?

శీను: నాన్న ఊసెందుకిప్పుడు?

(కాసేపు నిశ్శబ్దం)

బావ: సర్లే, రికార్డింగులోంచి ఈ మాటలు కత్తిరించెయ్.

శీను: ఎందుకు కత్తిరించడం? ఉండనీ. ఆయన పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు, అంతమాత్రానికే దొంగ అయిపోడు.

బావ: నేనన్నానా? నీకే మండింది. ఉండు, అత్తయ్యకి చెప్తా.

శీను: చెప్పు. టేబుల్ సంగతి కూడా నేను చెప్తా.

బావ: టేబుల్ వద్దు. ఇనుము గురించి మాట్లాడు, అదైతే చేతనవును.

శీను: కాగితం ఉన్నవాళ్ళకి మాత్రమే చెప్తున్నా. పట్టాలో కర్బనం ఎక్కువ, పైగా చక్రాలు నలిపి నలిపి తల భాగం గట్టిపడుతుంది. అక్కడ హ్యాక్సా పళ్ళు జారిపోతాయి. గ్రైండర్ పెట్టినా కోత నీలమయ్యేలా కాల్చకండి. లోపలి లావు ఇనుము ఆ వేడిని గబుక్కున లాగేస్తుంది, అంచు నీళ్ళలో ముంచి పదును పెట్టినంత గట్టిగా అవుతుంది. తర్వాత డ్రిల్ బిట్టు దిగదు.

బావ: అది నిజమే. అందుకే కమ్మరి ముందు కొలిమిలో కాల్చి, బూడిదలో నెమ్మదిగా చల్లారనిస్తాడు. తేదీ చూశాడా అతను, డిస్కుది?

శీను: బావా!

బావ: పట్టాకే ఎక్కువ డిస్కులు అరుగుతాయి, అందుకే అడిగా.

శీను: ఇంకోటి జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు, కోతట. ఒక్క ముక్క చెప్పి వదిలేస్తా. జింకు పొగ పీల్చకండి, రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. గాలి ఆడే చోట...

బావ: కార్డు నిండుతోంది చూడు.

శీను: అయ్యో, ఆ ఎర్ర...