జర్మనీలో ఆదివారం పూట లినక్స్ కెర్నల్ కామెంట్లు బాగుచేద్దాం రండి

హాయ్ అండీ అందరికీ, ఎలా ఉన్నారు? ఈరోజు న్యూరెంబర్గ్‌లో ఆదివారం, తెలుసుగా ఇక్కడ ఆదివారమంటే సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ బంద్, గోడకి డ్రిల్ వేయకూడదు, సీసాలు కూడా డబ్బాలో పడేయకూడదు సౌండ్ వస్తుందని, అందుకే నాకు కూర్చుని చేసుకునే పనికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. మన ఛానల్ చూసే ఇంజనీరింగ్ పిల్లలు చాలామంది అక్కా మీరు కెర్నల్‌కి ప్యాచ్‌లు పంపుతారంటగా అదొక్కసారి చూపించండి అని అడుగుతున్నారు, ప్యాచ్ అంటే కోడ్‌లో మనం చేసి పంపే మార్పు, సో ఈ వీడియో మొత్తం అదే. పప్పు కుక్కర్‌లో పెట్టేశాను, విజిల్స్ సంగతి మావారు చూసుకుంటారు.

ముందు అసలు పని ఏంటో చెప్తా. లినక్స్ కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌కీ మిగతా ప్రోగ్రాములకీ మధ్య ఉండే అసలు ప్రోగ్రామ్, మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేదే, 1991లో మొదలైంది, ఇప్పుడు మూడు కోట్ల లైన్లు ఎప్పుడో దాటేసింది. అందులో కామెంట్లు, అంటే కోడ్ మధ్యలో మనుషుల కోసం రాసే వివరణలు, రెండు రకాలు. స్లాష్ తర్వాత ఒక్క స్టార్ ఉంటే మామూలు కామెంట్, చదివేవాళ్ళ కోసం. రెండు స్టార్లు ఉంటే దాన్ని కెర్నల్‌డాక్ అంటారు, దానికి ఒక పద్ధతి ఉంది, మొదటి లైన్లో ఫంక్షన్ పేరు, డ్యాష్ పెట్టి ఒక్క ముక్కలో అదేం చేస్తుందో, కింద ఒక్కో పారామీటర్‌కి, అంటే ఫంక్షన్‌కి మనం ఇచ్చే విలువకి, యాట్ సింబల్ పెట్టి దాని అర్థం, తర్వాత కాంటెక్స్ట్, అంటే ఎక్కడినుంచి పిలవొచ్చో, ఆఖర్న రిటర్న్, అంటే ఏం తిరిగిస్తుందో. దీన్నంతా ఒక స్క్రిప్ట్ లాక్కుని స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ టూల్‌కి ఇస్తే అది వెబ్ పేజీలు చేసి పెడుతుంది. ఒకప్పుడు డాక్‌బుక్ వాడేవారు, 2016లో స్ఫింక్స్‌కి మారారు. ఆ స్క్రిప్ట్ అయితే రెండు దశాబ్దాలకు పైగా పర్ల్‌లోనే ఉంది, ముట్టుకోవాలంటే అందరికీ భయం, 2025లో మావురో కర్వాల్యో చేహాబ్ గారు దాన్ని పైథాన్‌లో తిరగరాశారు, ఎంత పెద్ద పనో అది! డాక్యుమెంటేషన్ మొత్తం చూసుకునేది జోనాథన్ కార్బెట్ గారు, ఎన్నో ఏళ్ళుగా.

ఇదిగో స్క్రీన్ చూడండి. మేక్ డబ్ల్యూ ఈక్వల్ టు వన్ అని ఇచ్చి నేను చూసే డ్రైవర్, అంటే ఒక హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్, దాని ఫోల్డర్ బిల్డ్ చేస్తున్నా. ఇలా ఇస్తే సీ ఫైల్స్‌లో కెర్నల్‌డాక్ కూడా చెక్ చేస్తుంది. వచ్చాయా వార్నింగ్స్. మొదటిది, ఈ పారామీటర్ గురించి ఎక్కడా రాయలేదు అంటోంది. రెండోది దానికి రివర్స్, నువ్వు రాసిన పారామీటర్ ఫంక్షన్‌లోనే లేదు అంటోంది, అంటే ఎవరో తీసేశారు, కామెంట్లో మర్చిపోయారు. మూడోది, కామెంట్ ఒక ఫంక్షన్ పేరు చెప్తోంది, కింద ఉన్నది ఇంకో ఫంక్షన్, పేరు మార్చిన రోజు పైన మార్చలేదన్నమాట. చూడ్డానికి ఇవన్నీ స్పెల్లింగ్ మిస్టేక్స్ దిద్దినట్టు అనిపిస్తాయి, రెండు నిమిషాల పనిలే అనుకుంటారు, కానీ నేను ఈ వీడియో పెట్టిందే అది కాదు అని చెప్పడానికి.

ఎందుకో ఈ ఒక్క ఫంక్షన్ చూడండి చాలు. హార్డ్‌వేర్ రెడీ అయ్యేదాకా ఆగే ఫంక్షన్. వార్నింగ్ వచ్చింది ఫ్లాగ్స్ అనే పారామీటర్‌కి, దాని గురించి రాయలేదని. సరే అదేంటో రాయాలంటే లోపల కోడ్ చదవాలి కదా, చదువుతుంటే దాని పక్క పారామీటర్ టైమౌట్ కనపడింది, కామెంట్లో ఏమని ఉందంటే టైమౌట్ జిఫీల్లో ఇవ్వండి అని. జిఫీ అంటే కెర్నల్ టైమర్ ఒక్కసారి కొట్టుకునే టైమ్, సెకనుకి ఎన్నిసార్లు అనేది హెచ్‌జెడ్ అనే సెట్టింగ్ మీద ఉంటుంది, 100 ఉండొచ్చు, 250 ఉండొచ్చు, 1000 ఉండొచ్చు. కానీ లోపల కోడ్ ఆ నంబర్ని మిల్లీసెకండ్లు అనుకుని జిఫీల్లోకి మార్చుకుంటోంది! గిట్ లాగ్‌లో, అంటే కోడ్ మార్పుల చరిత్రలో, వెనక్కి వెళ్ళి చూస్తే, ఎప్పుడో ఒకరు యూనిట్ మార్చారు, మంచి ఉద్దేశంతోనే మార్చారు, పైన కామెంట్ మాత్రం పాతదే ఉండిపోయింది.

ఇప్పుడు ఏమవుతుందో చూడండి. ఒకాయన కామెంట్ నమ్మి ఒక సెకను ఆగాలని హెచ్‌జెడ్ పాస్ చేస్తాడు. హెచ్‌జెడ్ 250 ఉన్న కెర్నల్‌లో అది 250 మిల్లీసెకండ్లే ఆగుతుంది, అంటే పావు సెకను. 100 ఉన్న బోర్డు మీద సెకనులో పదో వంతు. అదే 1000 ఉన్న మెషిన్ మీద టెస్ట్ చేశాడనుకోండి, కరెక్ట్‌గా సెకను ఆగుతుంది, ఏ తేడా కనపడదు, ఓకే అని పంపించేస్తాడు, కస్టమర్ దగ్గర చిన్న బోర్డు మీద మాత్రం అప్పుడప్పుడూ డివైస్ రావట్లేదు అని కంప్లయింట్, దాన్ని పట్టుకోవడానికి ఎన్ని రాత్రులు పోతాయో ఆ పని చేసినవాళ్ళకి తెలుస్తుంది. పైగా ఈ టైమౌట్ లైన్ మీద టూల్‌కి ఏ వార్నింగూ లేదు, పేరు మ్యాచ్ అయింది, దానికి అంతే కావాలి. మనిషి కూర్చుని చదివితే తప్ప ఇది బయటపడదు.

నేను ఇలా గట్టిగా చదువుకుంటుంటే మామయ్యగారు, ఈ మూడు నెలలు మా దగ్గరే ఉంటారు, పక్కన కాఫీ తాగుతూ అడిగారు, "ఏంటమ్మా, ఆదివారం కూడా ఆఫీసు పనేనా?" "కాదు మామయ్యగారూ, ఇది జీతం పని కాదు, కోడ్ పైన రాసిన వివరం ఒకటి, లోపల జరిగేది ఇంకోటి, అది సరిచేస్తున్నా" అన్నాను. ఆయన రెవెన్యూలో చేసి రిటైర్ అయ్యారు, టక్కున అన్నారు, "అంటే పాస్‌బుక్కులో రెండెకరాలు, కొలిస్తే ఎకరం డెబ్బై సెంట్లు. కొనేవాడు పాస్‌బుక్కు చూసే కొంటాడు కదమ్మా, వెంటనే సరిచెయ్యి" అని. అంతకంటే బాగా నేను చెప్పలేను అండీ.

మంచి కామెంట్ ఎలా ఉంటుందో కూడా చూపిస్తా, లేకపోతే అన్యాయం. డివైస్ ట్రీ అంటే బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో చెప్పే వివరం, అందులో ఒక్కో ముక్క ఒక నోడ్, దాని కోడ్‌లో ఓఎఫ్ ఫైండ్ నోడ్ బై నేమ్ అని ఒక ఫంక్షన్ ఉంది. పేరు చూస్తే ఏముంది, పేరిస్తే నోడ్ వెతికి ఇస్తుంది అనుకుంటాం. పైన కామెంట్ చదవండి, అసలు సంగతి అక్కడుంది. మీరు ఎక్కడినుంచి వెతకమని ఒక నోడ్ ఇస్తారో, ఆ నోడ్ మీద మీకున్న రిఫరెన్స్‌ని, అంటే దీన్ని నేనింకా వాడుతున్నా అనే లెక్కని, ఈ ఫంక్షనే వదిలేస్తుంది. తిరిగి ఇచ్చే నోడ్‌కి మాత్రం రిఫరెన్స్ కౌంట్ పెంచి ఇస్తుంది, పనయ్యాక మీరే వదలాలి. ఈ రెండు ముక్కలు పేరులో లేవు, సీ భాషలో టైప్ చూసినా తెలియవు, కామెంట్లోనే ఉన్నాయి. చదవకుండా వాడినవాళ్ళు ఒకవైపు వదలడం మర్చిపోయి మెమరీ లీక్ చేస్తారు, లేదంటే ఇంకా వాడుతున్న నోడ్‌ని ముందే వదిలేస్తారు, అలాంటి బగ్స్‌కి ఫిక్సులు కెర్నల్ హిస్టరీలో వెతికితే బోలెడు దొరుకుతాయి. ఆ నాలుగు లైన్లు రాసినవాళ్ళకి నేను నిజంగా దణ్ణం పెడతాను.

చిన్నచిన్నవి కొన్ని గబగబా. రిటర్న్ దగ్గర సున్నా వస్తే ఓకే, మైనస్ ఇన్వాల్ వస్తే తప్పు ఆర్గ్యుమెంట్, మైనస్ నోమెమ్ వస్తే మెమరీ లేదు అని ఒక్కో లైన్లో నీట్‌గా రాస్తారు, పేజీలో చూస్తే మొత్తం ఒకే లైన్లో కలిసిపోయి వస్తుంది, ఎందుకంటే అక్కడ లైన్ బ్రేక్‌ని పట్టించుకోదు, ఒక్కోదాని ముందు స్టార్ పెట్టి లిస్ట్‌లా రాయాలి. అలాగే లైన్ మొదట్లో ఒక మాట రాసి కోలన్ పెట్టారంటే దాన్ని కొత్త హెడింగ్ అనుకుంటుంది. స్ట్రక్చర్‌లో బయటివాళ్ళు ముట్టుకోకూడని మెంబర్స్ ఉంటే ప్రైవేట్ కోలన్ అని చిన్న కామెంట్ పెడితే వాటిని వదిలేస్తుంది, అక్కడ నుంచి డాక్యుమెంట్ అడగదు.

ఇక్కడ మన పిల్లలకి ఒక మాట గట్టిగా చెప్పాలి. రెజ్యూమెలో కెర్నల్ కాంట్రిబ్యూటర్ అని రాసుకోవచ్చని వార్నింగ్ పోతే చాలన్నట్టు చేస్తున్నారు కొంతమంది. డెవ్ అనే పారామీటర్ పక్కన "డివైస్", ఫ్లాగ్స్ పక్కన "ఫ్లాగ్స్" అని రాసి పంపుతారు. వార్నింగ్ పోతుంది నిజమే, కానీ చదివేవాడికి ఏం తెలిసింది? ఏ ఫ్లాగ్స్, ఎక్కడ డిఫైన్ అయ్యాయి, సున్నా ఇవ్వొచ్చా, ఇవి కదా కావాల్సింది. ఇంకో షార్ట్‌కట్, రెండు స్టార్లలో ఒకటి తీసేసి మామూలు కామెంట్ చేసేయడం. ఫైల్ మొదట్లో లైసెన్స్ ముక్కకి ఎవరో పొరపాటున రెండు స్టార్లు పెట్టి ఉంటే అది తీయడమే కరెక్ట్. కానీ బయట డ్రైవర్లు వాడుకునేలా ఎక్స్‌పోర్ట్ చేసిన ఫంక్షన్‌కి అలా చేస్తే డాక్యుమెంటేషన్‌లోంచే మాయమైపోతుంది, అది నాకు అసలు నచ్చదు. వార్నింగ్ ఉండనివ్వండి పర్లేదు, కనీసం ఇక్కడ పని మిగిలుంది అని చెప్తుంది.

పంపడం సింపులే. యూనిట్ తప్పు ఉన్నదాన్ని విడిగా ఒక ప్యాచ్ చేశాను, ఫిక్సెస్ అనే ట్యాగ్‌లో ఆ పాత కమిట్, అంటే తప్పు మొదలైన మార్పు, దాని ఐడీ మొదటి 12 అక్షరాలు, దాని టైటిల్ ఇచ్చాను, మిగతా చిన్నవన్నీ ఇంకో ప్యాచ్. ప్యాచ్ పద్ధతిగా ఉందో లేదో చూసే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ రన్ చేయాలి, గెట్ మెయింటెయినర్ స్క్రిప్ట్ అడిగితే ఎవరికి పంపాలో చెప్తుంది, కింద సైన్డ్ ఆఫ్ బై అని మీ పేరు, ఆ కోడ్ పంపే హక్కు నాకుంది అని మాట ఇస్తున్నట్టు. గిట్ సెండ్ ఈమెయిల్‌తో ప్లెయిన్ టెక్స్ట్‌లోనే వెళ్ళాలి, అటాచ్‌మెంట్లు వద్దు. రిప్లై వెంటనే రాదు, ఆ కోడ్ చూసుకునే మెయింటెయినర్లకి వాళ్ళ ఉద్యోగాలు ఉంటాయి, మర్జ్ విండో, అంటే కొత్త మార్పుల్ని మెయిన్ కెర్నల్‌లో కలుపుకునే ఆ రెండు వారాలూ అస్సలు గుర్తుచేయకండి.

ఏవండీ, కుక్కర్ కట్టేయండి, చాలు విజిల్స్!

ఆ, ఇంకొక్కటి మిగిలింది, దీన్ని మాత్రం ఈరోజు పంపట్లేదు. ఈ ఫంక్షన్ చిప్ రిజిస్టర్, అంటే చిప్ లోపలి చిన్న గడి, చదివి విలువ ఇస్తుంది, కాంటెక్స్ట్ లైన్ లేదు, అంటే దీన్ని ఎక్కడినుంచి పిలవొచ్చో తెలియదు. లోపల రెగ్‌మ్యాప్ వాడుతోంది, అది రిజిస్టర్లు చదవడానికి కెర్నల్ ఇచ్చే కోడ్. చిప్ ఐ టూ సీ అనే నెమ్మది వైర్ల మీద ఉంటే రెగ్‌మ్యాప్ మ్యూటెక్స్ అనే తాళం తీసుకుంటుంది, స్లీప్ అవ్వొచ్చు, అంటే ఆగి ఎదురుచూడొచ్చు, కాబట్టి ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోంచి, అంటే హార్డ్‌వేర్ పిలవగానే పరిగెత్తే, మధ్యలో ఆగకూడని కోడ్‌లోంచి పిలవకూడదు. అదే మెమరీ మ్యాప్డ్, అంటే మెమరీ లాగే నేరుగా చదివేది, అయితే స్పిన్‌లాక్ అనే వేరే తాళం, స్లీప్ అవ్వదు. ఈ డ్రైవర్ రెండిట్నీ సపోర్ట్ చేస్తుంది. నేను స్లీప్ అవ్వొచ్చు అని రాస్తే సేఫ్, కానీ పిలిచేవాళ్ళని వెతికితే ఒకచోట ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోంచే పిలుస్తున్నారు, ఆ బోర్డు మీద మెమరీ మ్యాప్డ్ కాబట్టి పని చేస్తోంది. ఇది కామెంట్‌తో తేలేది కాదు, ఈ ఫంక్షన్ ఏం హామీ ఇవ్వాలో డ్రైవర్ చూసుకునేవాళ్ళు నిర్ణయించాలి. అందుకే ప్యాచ్ బదులు ప్రశ్న రాశాను, పిలిచే చోటు లైన్ నంబర్‌తో సహా పెట్టి, ఆ కాలర్‌ని, అంటే పిలిచే కోడ్‌ని, స్లీప్ అవ్వగలిగే థ్రెడెడ్ ఇంటరప్ట్‌కి మార్చమంటారా లేక స్లీప్ అవ్వని వేరే ఫంక్షన్ ఇద్దామా అని అడిగాను. ఏ జవాబు వస్తే దాన్నిబట్టి కాంటెక్స్ట్ లైన్ రాస్తాను, వచ్చాక మీకు కూడా చూపిస్తా.