పిల్లలకి ఏ సన్‌స్క్రీన్ కొనాలి? మా కాలనీ మీటింగులో నేను మాట్లాడింది

అందరికీ నమస్కారం. పెద్దలందరి పేర్లూ వరసగా చదవమని సెక్రటరీ గారు చీటీ రాసిచ్చారు గానీ, ఇప్పటికే పదింబావు అయ్యింది, ఇంకో గంట పోతే ఈ షామియానా కింద మనమే పెనం మీద అట్టు అయిపోతాం, కాబట్టి అందరికీ కలిపి ఒకటే నమస్కారం, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

నేను డాక్టర్ని కాను. కోఠి దగ్గర 31 ఏళ్ళు మందుల షాపు నడిపిన మనిషిని. పోస్టర్ మీద "చర్మ నిపుణులు" అని వేసేశారు, అది చూసి మా ఆవిడ పొద్దున్నుంచి నవ్వుతూనే ఉంది.

ఇంకో మాట కూడా ముందే చెప్తున్నా, నేను ఏ సన్‌స్క్రీన్ కంపెనీ పేరూ చెప్పను. ఇందాక గేటు దగ్గర ముగ్గురు అడిగారు, అంకుల్ ఒక్క పేరు చెప్పండి చాలు, ఇప్పుడే ఆర్డర్ పెట్టేస్తాం అని. పేరు చెప్తే మీరు ఇక్కడ కూర్చోరు, అదొకటి. రెండోది, నేను కూడా ముందువైపు పేరు చూసే దెబ్బ తిన్నా.

మా మనవరాలికి ఐదేళ్ళు, యూకేజీ. చిన్నప్పటి నుంచీ దానిది మహా సున్నితమైన చర్మం. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనకాల ఎర్రగా అయిపోయి రాత్రంతా గోక్కుంటుంది, ఎగ్జిమా అన్నారు. పోయినేడు ఒంటిపూట బడులు పెట్టగానే నేనే వెళ్ళి ఒక ట్యూబు తెచ్చా. ట్యూబు మీద నవ్వుతున్న పాప బొమ్మ, "కిడ్స్" అని, "జెంటిల్" అని పెద్ద పెద్ద అక్షరాలు, మూత తీస్తే మామిడిపండు వాసన. ఇన్నేళ్ళు ప్రతి డబ్బా వెనకవైపు చదివి అమ్మినవాణ్ణి, ఆ రోజు ముందువైపు చదివి కొనేశా. రెండో రోజుకి బుగ్గలు, మెడ ఎర్రగా పొక్కాయి. చెమటకాయలులే అన్నా. అని ఊరుకున్నానా, ఎండ ఎక్కువైనట్టుందని ఇంకొంచెం మందంగా పూశా! మూడో రోజుకి కనురెప్పలు వాచిపోయాయి, పిల్ల కళ్ళు తెరవలేకపోయింది. స్కిన్ డాక్టరమ్మ ట్యూబు అందుకుని వెనక్కి తిప్పి "పర్ఫ్యూమ్" అన్న మాట మీద వేలు పెట్టి, "మీది మందుల షాపు కదండీ?" అంది. అంతే, ఇంకేం అనలేదు. నాలుగు తిట్టినా బావుండేది.

కాబట్టి ఏది కొన్నా ముందు వెనక్కి తిప్పండి. వెనక మీకు కావాల్సినవి రెండు పేర్లు, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్. ఈ రెండిటిలో ఏదో ఒకటో, రెండూనో ఉండి, వేరే ఫిల్టర్లు, అంటే ఎండని ఆపే పదార్థాలు, కలపకపోతే దాన్ని మినరల్ సన్‌స్క్రీన్ అంటారు. జింక్ ఆక్సైడ్ మనకేం కొత్త కాదు, మన చిన్నప్పుడు చెమటకాయలకి రాసిన గులాబీరంగు కాలమైన్ లోషన్లో ఉన్నది అదే, పసిపిల్లల డైపర్ క్రీముల్లో ఉండేదీ అదే. 2019లో అమెరికాలో మందుల్ని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళు వాడకంలో ఉన్న 16 ఫిల్టర్లని లెక్కలోకి తీసుకుని, సేఫ్ అనడానికి సరిపడా ఆధారాలు ఈ రెండిటికే ఉన్నాయని ప్రతిపాదన పెట్టారు. ఇంకో రెండిటిని వద్దన్నారు, మిగతా పన్నెండూ విషం అనలేదు, ఇంకా డేటా కావాలన్నారు. వాట్సాప్‌లో "సన్‌స్క్రీన్ విషం" అని పంపేవాళ్ళు ఈ ముక్క జర సరిగ్గా వినండి.

ఇక ఉండకూడనివి. పర్ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్ అన్న మాట కనపడితే అక్కడే పెట్టేయండి. "అన్‌సెంటెడ్" అని రాసి ఉంటే కూడా నమ్మకండి, ఒక వాసనని కప్పెయ్యడానికి ఇంకో వాసన కలిపి కూడా అలా రాస్తారు, "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అని ఉండాలి. మిథైల్ ఐసోథయజోలినోన్ అని ఒక ప్రిజర్వేటివ్, అంటే క్రీము పాడవకుండా కలిపేది, ఉంది, చాలామందికి పడదు. నోరు తిరక్కపోతే ఫర్వాలేదు, కంటితో గుర్తుపడితే చాలు. స్ప్రేలు వద్దు, పిల్లలు పీల్చేస్తారు.

ఎస్‌పీఎఫ్, అదే ఎండని ఎంత ఆపుతుందో చెప్పే నంబరు, ఎంత అని కదా అడగబోతున్నారు? 30 ఉంటే యూవీబీ, అంటే చర్మాన్ని కమిలించే ఎండ కిరణాల్లో 97 శాతం ఆపుతుంది, 50 ఉంటే 98. ఆ ఒక్క శాతం కోసం కొట్టుకోకండి, దాంతోపాటు "బ్రాడ్ స్పెక్ట్రమ్" అని ఉందా లేదా చూడండి. ఆ మాట లేకపోతే యూవీఏ అనే రెండో రకం కిరణాల సంగతి ఆ క్రీము పట్టించుకోదు, యూవీఏ ఏమో స్కూల్ వ్యాన్ అద్దంలోంచి కూడా లోపలికొస్తుంది. అసలు మనం చేసే పెద్ద తప్పు వేరే ఉంది. ల్యాబులో ఆ నంబర్ తేల్చేటప్పుడు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పూస్తారు, అంటే బాగా దట్టంగా. మనమేమో ట్యూబు ఖరీదు తల్చుకుని బొట్టు పెట్టినట్టు పెడతాం, అలా పెట్టాక 50 రాసున్నా అది 50 కాదు. ఎండలోకి పోయే ముందే పూయాలి, బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ పూయాలి. మినరల్ది మన పిల్లల రంగు మీద తెల్లగా కనిపిస్తుంది, నిజమే. మా మనవరాలు అద్దంలో చూసుకుని, తాతా నన్ను బజ్జీలా పిండిలో ముంచావా అంది. 

కొత్త ట్యూబు తెచ్చిన రోజే ముఖానికి పూయకండమ్మా. మోచేతి లోపలివైపు చిన్న రూపాయి బిళ్ళంత చోట రోజూ రెండుసార్లు, ఓ వారం పూసి చూడండి. గోకి గోకి పచ్చిగా ఉన్న చోట అసలు వద్దు. ఆరు నెలల్లోపు పసివాళ్ళకి క్రీము ఆలోచనే వద్దు, నీడలో ఉంచడం, ఒళ్ళు కప్పడం, అంతే.

ఏంటమ్మా? వెనక వరసలో ఎవరో అడుగుతున్నారు... ఇది పూస్తే పిల్ల నల్లబడకుండా ఉంటుందా అని. ఈ మాట వస్తుందని నాకు తెలుసు. 31 ఏళ్ళు ఇదే ప్రశ్న విన్నా, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఈ చేత్తోనే తెల్లబడే క్రీములు లెక్కలేనన్ని అమ్మాను. వాటిల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ ఉండేది, నెలా రెండు నెల్లు మొహం మెరిసేది, తర్వాత చర్మం పల్చబడి ఎండ తగిలితే మండిపోయేది. 2018లో ప్రభుత్వం అలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని లిస్టులో పెట్టాక కూడా చీటీ లేకుండా అడగడానికి వచ్చేవాళ్ళు, పదేళ్ళ ఆడపిల్లని తీసుకుని. పిల్ల రంగుకి ఏం రోగం అమ్మా? మనం కాపాడేది చర్మాన్ని, రంగుని కాదు. సరే, దీని మీద మొదలుపెడితే సాయంత్రం అవుతుంది.

ప్రెసిడెంట్ గారు వాచీ చూపిస్తున్నారు. రెండు నిమిషాలు సార్, అసలు నేను వచ్చిందే దీనికోసం.

క్రీము చివరిది. ముందు నీడ, తర్వాత బట్ట, తర్వాత టోపీ, వీటన్నిటికీ అందకుండా మిగిలిన ముక్కు, చెంపలు, చేతుల వెనకవైపు, వాటికి క్రీము. ఒళ్ళంతా క్రీము పూసే పని ఉండదు, సున్నితమైన చర్మానికి అదే మేలు. పల్చటి తెల్ల టీషర్ట్ లోంచి ఎండ బానే దూరుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. దగ్గర నేత ఉన్న ఫుల్ చేతుల కాటన్ చొక్కా మేలు.

మరి మన పిల్లలు ఏ టైముకి బయటికొస్తున్నారు? ఒంటిపూట బడి పొద్దున 8 నుంచి 12:30. ఎండ దెబ్బ తగలకూడదనే పెట్టారు, కాదనను. కానీ మన హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండుంబావు ప్రాంతంలో! సరిగ్గా అప్పుడే పిల్లల్ని గేటు బయటికి వదుల్తాం. మే 9 ప్రాంతంలో మన ఊళ్ళో నిలబెట్టిన కర్రకి కాసేపు నీడే ఉండదు, ఆగస్టు మొదట్లో ఇంకోసారి. నీడ మనకన్నా పొట్టిగా ఉంటే ఎండ గట్టిదని లెక్క. పన్నెండున్నరకి మా మనవరాలి నీడ దాని చెప్పుల కిందే ఉంటుంది, ఆటో కోసం పావుగంట, ఇరవై నిమిషాలు అలాగే నిలబడుతుంది.

పోనీ టోపీ పెట్టి పంపిద్దామని సుల్తాన్ బజార్లో అంచు పెద్దగా ఉన్న బట్ట టోపీ కొన్నా, చెవులు, మెడ వెనక కూడా కప్పేది. స్కూలు వాళ్ళు తీయించేశారు. యూనిఫామ్‌లో లేదట! ఫుల్ చేతుల చొక్కా కూడా యూనిఫామ్‌లో లేదట. డాక్టర్ చీటీ తీసుకెళ్ళా, ఒక్కరికి ఒప్పుకుంటే అందరూ అడుగుతారు అన్నారు. అడగనీయండి! అడిగితే ఏం పోయింది? టై మాత్రం ఏప్రిల్ ఎండలో కూడా ఉండాలట, టోపీ మాత్రం కుదరదట. స్కూలు పేరు చెప్పను, ఇక్కడ సగం మందికి తెలుసు, మీ పిల్లలూ అక్కడే చదువుతున్నారు.

మీటింగు అయిపోయాక అందరూ బ్రాండ్ అడగడానికి నా దగ్గరికి వస్తారు, రండి, కానీ దారిలో ఆ టీ ఫ్లాస్కు పక్కన బల్ల మీద ఒక లెటర్ ఉంది. అంచున్న టోపీ, ఫుల్ చేతులు వేసుకోనివ్వండి, ఆటోలు వచ్చేదాకా పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టండి, ఈ రెండే రాశా. పదకొండు సంతకాలు అయ్యాయి, అందులో రెండు మా ఇంటివే. పేరు పక్కన ఫ్లాట్ నంబర్, పిల్లల క్లాసు కూడా రాయండి. పెన్ను మాత్రం అక్కడే పెట్టేయండి, అది మా మనవరాలిది, ఇంటికెళ్ళగానే అడుగుతుంది.