ప్రసవం తర్వాత మసాజ్: ఇద్దరు థెరపిస్టులు, ఆరు సెషన్లు, నా రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో నేను రివ్యూ చేస్తున్నది పెట్టెలోంచి తీసి చూపించే వస్తువును కాదు, ప్రసవం తర్వాత తల్లికి చేసే మసాజ్‌ను. నా రెండో కాన్పు సిజేరియన్. ఆ తర్వాత మూడు నెలల్లో ఇద్దరు థెరపిస్టుల దగ్గర మొత్తం ఆరు సెషన్లు చేయించుకున్నాను. మొదటి ఆమె దగ్గరికి ఒక్కసారి, రెండో ఆమె దగ్గరికి ఐదుసార్లు వెళ్లాను. ఇద్దరి చేతుల్లోనూ పనితనం ఉంది. తేడా అంతా చెయ్యి వేయడానికి ముందు వాళ్లు అడిగిన ప్రశ్నల్లోనే ఉంది. నేను డాక్టర్‌ను కాను కాబట్టి, నా అనుభవాన్నీ, వైద్యులు స్పష్టంగా చెబుతున్న విషయాలనూ పక్కపక్కనే పెట్టి మాట్లాడతాను.

ఆ టేబుల్ మీద పడుకునే శరీరం అప్పటికి ఏ స్థితిలో ఉంటుందో ముందు చూద్దాం. బిడ్డ పుట్టిన వెంటనే దాదాపు ఒక కిలో బరువుతో బొడ్డు దాకా తగిలే గర్భాశయం, సుమారు రెండు వారాల్లో కటి ఎముకల మధ్యలోకి దిగిపోయి, ఆరు వారాలయ్యేసరికి 100 గ్రాముల లోపుకు కుంచించుకుంటుంది. ఈ పనిని అది తనంతట తానే చేసుకుంటుంది. బిడ్డ పాలు తాగేటప్పుడు తల్లి శరీరంలో విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ దానికి తోడ్పడుతుంది. తొలి రోజుల్లో పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి అందువల్లనే. కాబట్టి పొట్ట గట్టిగా నొక్కితే గర్భసంచి త్వరగా లోపలికి వెళ్తుందని చెప్పే ప్యాకేజీలు, శరీరం ఎలాగూ చేసే పనికి మన దగ్గర డబ్బు తీసుకుంటున్నాయన్నమాట. కాన్పు గదిలో నర్సు పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భాశయం గట్టిపడిందో లేదో చూడడం, రక్తస్రావం ఎక్కువైతే దాన్ని రుద్ది ముడుచుకునేలా చేయడం పూర్తిగా వేరే సంగతి. అది చికిత్స, అందులో హాయి ఏమీ ఉండదు. ముందుజాగ్రత్తగా ఆక్సిటోసిన్ ఇచ్చిన తల్లులకు, రక్తస్రావం నివారణ పేరుతో అదేపనిగా గర్భాశయాన్ని రుద్దడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేయడం లేదు.

ఇక నా మొదటి సెషన్ సంగతి. అప్పటికి ఆపరేషన్ జరిగి మూడు వారాలు. గదిలో మంచి వెలుతురు, వెచ్చని తువ్వాలు, మెత్తని దిండ్లు అన్నీ ఉన్నాయి. ఆమె నా పేరు అడిగారు, ఏ నూనె కావాలో అడిగారు, అంతటితో సరిపెట్టారు. ఏ రకం కాన్పు, ఎన్ని రోజులైంది, ఏమైనా మందులు వాడుతున్నానా అన్న ప్రశ్నలు రాలేదు. ఎడమ పిక్క రెండు రోజులుగా బిగుసుకుపోయినట్టు ఉందని నేనే చెప్పాను. ఆమె ‘పట్టేసింది, తీసేస్తాను’ అంటూ బొటనవేలితో మడమ నుంచి మోకాలి దాకా బలంగా లాగారు. అప్పటికి నాకు హాయిగానే అనిపించింది. మర్నాడు డాక్టర్‌కు ఈ మాట చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. వెంటనే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో చూసే డాప్లర్ స్కాన్ చేయించారు. గడ్డ ఏమీ లేదు, కండరం పట్టేసింది అంతే. అయితే స్కాన్ చేసిన తర్వాత నొక్కవలసిన కాలిని, నొక్కించుకున్న తర్వాత స్కాన్‌కు తెచ్చారని ఆమె అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

ఆ కంగారుకు కారణం ఉంది. గర్భంతో ఉన్నప్పుడు రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాన్పులో రక్తం మరీ ఎక్కువగా పోకుండా శరీరం ముందుగానే చేసుకునే ఏర్పాటు అది. ఆ గుణం ప్రసవం కాగానే తగ్గిపోదు కాబట్టి, తర్వాతి ఆరు వారాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు రోజులకన్నా చాలా ఎక్కువగా ఉంటుంది, పన్నెండో వారం దాకా కొంత మిగిలే ఉంటుంది. సిజేరియన్ అయినవారిలో, ఎక్కువకాలం మంచానికే పరిమితమైనవారిలో అది ఇంకా ఎక్కువ. ఒక కాలు మాత్రమే వాచినా, పిక్క నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉన్నా ఆ కాలిని ఎవరూ నొక్కకూడదు, ముందు డాక్టర్ చూడాలి. ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా అత్యవసర విభాగానికి వెళ్లాలి. రెండు పాదాలూ సమానంగా ఉబ్బడం చాలామందిలో కనిపించేదే, అది సాధారణంగా కొద్దిరోజుల్లో తగ్గుతుంది. అయినా దానితో పాటు తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే బీపీ చూపించుకోవాలి, ఎందుకంటే బీపీకి సంబంధించిన ప్రీ-ఎక్లాంప్సియా కాన్పు తర్వాత కూడా మొదలుకావచ్చు.

రెండో థెరపిస్టు దగ్గరికి నేను ఏడో వారంలో, డాక్టర్ పరీక్ష చేసి సరేనన్న తర్వాతే వెళ్లాను. ఆమె దాదాపు పావుగంట ప్రశ్నలే అడిగారు. కుట్లు పూర్తిగా మానాయా, ఆగిన రక్తస్రావం మళ్లీ కనిపించిందా, జ్వరం వచ్చిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, మత్తు వెన్నులో ఇచ్చారా, కూర్చుంటే ఎక్కువై పడుకుంటే తగ్గే తలనొప్పి ఏమైనా ఉందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. చివరి ప్రశ్న పాప ఎప్పుడు పాలు తాగిందని. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో నలభై నిమిషాల తర్వాత, పక్కగదిలో పాప ఏడుపు వినగానే నా కింద ఉన్న తువ్వాలు పాలతో తడిసిపోయినప్పుడు తెలిసింది. అప్పటి నుంచి పాలిచ్చిన వెంటనే సెషన్ పెట్టుకున్నాం.

ఇప్పుడు తెరపై నేను చూపిస్తున్నది ఆమె పడుకోబెట్టిన తీరు. పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్టకు ఆనించి ఇంకొకటి, హత్తుకున్నట్టు చేతుల్లో మూడోది పెట్టుకోవాలి. రొమ్ములు పాలతో బరువెక్కి ఉన్నప్పుడు, పొట్ట మీద కోత ఉన్నప్పుడు బోర్లా పడుకోవడం కష్టం, అవసరం కూడా లేదు.

మసాజ్ నిజంగా పనిచేసింది మెడ, భుజాలు, వీపు పైభాగం మీద. రోజుకు పదిసార్లు పాపను ఒళ్లో పెట్టుకుని తల వంచి చూస్తూ కూర్చునే భంగిమ వల్ల అక్కడి కండరాలు రాయిలా బిగుసుకుపోతాయి. ఈ భాగానికి ఐదింటికి నాలుగున్నర మార్కులు వేస్తాను. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ఆ హాయి రెండు రోజులకు మించి నిలవలేదు. పాలిచ్చేటప్పుడు మోచేతి కింద దిండు పెట్టుకుని, పాపను నా ఎత్తుకు తెచ్చుకోవడం మొదలుపెట్టాకే అది వారమంతా నిలిచింది. బొటనవేలి వైపు మణికట్టు నొప్పిది కూడా ఇదే కథ. బిడ్డను చంకల కింద చేతులు పెట్టి మాటిమాటికీ ఎత్తడం వల్ల వచ్చే ఆ నొప్పికి మర్దన కొంత ఉపశమనమిస్తుంది, అయితే ఎత్తే పద్ధతి మార్చుకోకపోతే అది మళ్లీ వస్తుంది.

కోత మచ్చ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా మచ్చ చుట్టూ చర్మానికి స్పర్శ సరిగా తెలిసేది కాదు. ముట్టుకుంటే మందపాటి దుప్పటి మీంచి ఎవరో తాకినట్టు ఉండేది. నరాల చివరలు తెగడం వల్ల ఇలా జరుగుతుందనీ, మెల్లగా తగ్గుతుందనీ డాక్టర్ చెప్పారు. గాయం పూర్తిగా మూసుకుని, పక్కులు రాలిపోయి, డాక్టర్ సరేనన్న తర్వాత మాత్రమే థెరపిస్టు నాకు పద్ధతి నేర్పారు. రెండు వేళ్లను మచ్చ పక్కన ఆనించి, చర్మం మీద జారకుండా, చర్మంతో పాటే కొద్దిగా పైకి, కిందికి, పక్కకు కదపాలి. రెండు మూడు నిమిషాలు చాలు. నొప్పి పుట్టేదాకా చేయకూడదు. మొదటిరోజు నాకు నొప్పి కన్నా భయమే ఎక్కువ. ఇలా చేయడం మొదలుపెట్టిన నాలుగో వారానికి ఆ చోటును అద్దంలో చూడకుండా తప్పించుకోవడం మానేశాను.

పొట్టకు నేను మార్కులు వేయను. గర్భంలో పొట్ట మధ్య కండరాల జంట ఎడంగా జరగడం మామూలే, చాలామందిలో అది నెలల మీద దగ్గరవుతుంది, మిగిలిన ఎడానికి పనికొచ్చేవి ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలే. నొక్కడం వల్ల ఆ కండరాలు కలిసిపోవు, కొవ్వూ కరగదు. ‘విషాలు బయటికి పోతాయి’ అన్న మాటను నేను లెక్కలోకే తీసుకోలేదు. ఆ పనికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి.

రొమ్ములో గడ్డకట్టినట్టు అనిపించినప్పుడు గట్టిగా పిసికి పాలు తీయడం మరో ప్రమాదకరమైన అలవాటు. పాలిచ్చే తల్లుల వైద్యంపై పనిచేసే అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అలాంటి ఒత్తిడి వాపును పెంచి కణజాలాన్ని దెబ్బతీస్తుంది. పిల్లిని నిమిరినంత తేలికగా చంక వైపు నిమరడం, చల్లని కాపడం వాళ్లు సూచించినవి. జ్వరం, ఎర్రదనం ఉంటే మసాజ్ మాట పక్కనపెట్టి వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

పరిశోధనల విషయానికి వస్తే, సిజేరియన్ తర్వాత చేతులకూ పాదాలకూ మెల్లగా చేసే మసాజ్ నొప్పినీ ఆందోళననూ తగ్గించినట్టు కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. వాటిలో పాల్గొన్నవారి సంఖ్య తక్కువ, పైగా తమకు మసాజ్ చేస్తున్నారన్న సంగతి వాళ్లకు తెలియకుండా ఉంచడం ఎవరివల్లా కాదు కాబట్టి, ఫలితాలను కొంత తగ్గించి చదవాలి. మనసు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. తొలి రెండు వారాల్లో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందిలో ఉంటుంది, దానంతట అదే పోతుంది. అది రెండు వారాలు దాటినా, దేనిపైనా ఆసక్తి లేకపోయినా, మనల్ని మనం గాయపరచుకోవాలన్న ఆలోచన వచ్చినా అది చికిత్స అవసరమైన స్థితి. 1987లో రూపొందిన, ప్రసవం తర్వాతి డిప్రెషన్‌ను పసిగట్టే పది ప్రశ్నల ఎడిన్‌బరో స్కేల్‌ను వైద్యులు ఇందుకే వాడతారు. గంటసేపు ఎవరూ పిలవని గదిలో పడుకున్నందుకు నాకు ఊరట కలిగింది, అయితే ఆ గంట డిప్రెషన్‌కు మందు కాదు.

కండరాలను వేగంగా తట్టే చేతియంత్రం మసాజ్ గన్ గురించి అడిగినవారికి ఒక్క మాట: ఇంట్లో ఉన్నా నేను ఆ మూడు నెలలూ దాన్ని సొరుగులోనే ఉంచాను. పిక్కల మీద, పొట్ట మీద దాన్ని వాడే ధైర్యం నాకు లేదు, భుజాలకు చేతులే చాలు. నూనె విషయంలో వాసన లేనిదే ఎంచుకున్నాను. పుట్టిన బిడ్డ తల్లిని వాసనతో గుర్తుపడుతుంది కాబట్టి, రొమ్ముకు తగిలిన నూనెను తుడిచి పాలివ్వడం మంచిది.

చివరి సెషన్‌లో థెరపిస్టు మా వారిని లోపలికి పిలిచి పది నిమిషాలు నేర్పారు. ఆయన మొదట బలమంతా వేళ్లలోకి తెచ్చి నొక్కారు. ‘నొక్కకండి, అరచెయ్యి ఆనించి మీ బరువును మెల్లగా వదలండి, ఆవిడ ఊపిరి వదిలినప్పుడు మీరూ వదలండి’ అని ఆమె చెప్పారు. ఇప్పుడు రాత్రి పాలు తాగించడం అయ్యాక, పాపను భుజాన వేసుకుని నేను పక్కకు ఒరిగితే, ఆయన నా మెడ కింద చెయ్యి పెట్టి అదే లయలో రుద్దుతారు. పాప నిద్రలోకి జారకముందే ఆ చెయ్యి ఆగిపోయిందంటే, ముందుగా ఆయనే నిద్రపోయారని అర్థం.