ఏయ్, నిన్నే!

శ్రోతలకు నమస్కారం. 'గుర్తింపు' అనే మాట తీసుకోండి. ఎంత పనిచేసినా గుర్తింపు రాలేదని బాధపడతాం. జేబులో పెట్టుకునేది గుర్తింపు కార్డు. నిందితుణ్ణి పోలీసులు గుర్తించారని వార్తల్లో వింటాం. గౌరవించడానికీ ఆనవాలు పట్టడానికీ మనకున్నది ఒకటే మాట. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

గుర్తింపు మంచిదని చెప్పిన తత్వవేత్తలు చాలామందే ఉన్నారు. ఎదుటి మనిషి ఒప్పుకుంటేగానీ నేనెవరో నాకే తేలదని హెగెల్ 1807లోనే రాశాడు. గుర్తింపు దక్కకపోతే మనిషికి నిజంగానే గాయమవుతుందని 1992లో చార్లెస్ టేలర్ అన్నాడు, ఆక్సెల్ హొన్నెత్ అన్నాడు. కాదనను. చిన్నచూపు చూస్తే ఎలా ఉంటుందో ఎవరికి తెలియదు?

కానీ నాకు ఇష్టమైన కథ వేరే ఉంది. ఫ్రెంచ్ తత్వవేత్త లూయీ అల్తుసర్ 1970లో చెప్పాడు.

ఒక వీధి. ఒకతను తన దారిన తాను పోతున్నాడు. వెనకనుంచి పోలీసు కేక వేశాడు: "ఏయ్, నిన్నే!" పేరు పెట్టి పిలవలేదు. ఏం తప్పు చేశాడో చెప్పలేదు. "నిన్నే" అన్నాడు, అంతే. వీధిలో ఇంకా ఎంతమంది ఉన్నా ఇతను మాత్రం ఠక్కున ఆగాడు. గిర్రున వెనక్కి తిరిగాడు. పిలిచింది తననేనని అతనికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అయినా తిరిగాడు. అలా తిరగడంతోనే, పోలీసు ఎవరిని పిలిచాడో ఆ మనిషి అయిపోయాడు. ఈ పిలుపు గురి తప్పడం చాలా అరుదు అంటాడు అల్తుసర్.

ఇక్కడ పిలుపు కటువుగా ఉంది కాబట్టి మనకు అనుమానం వస్తుంది. అదే పిలుపు తియ్యగా ఉంటే? "నిన్నే, నీకున్నంత ఓపిక ఎవరికుంది!" "నిన్నే, ఈ పని నువ్వు తప్ప ఎవరూ చేయలేరు!" అప్పుడూ తిరుగుతాం. ఇంకా తొందరగా తిరుగుతాం.

నా మొదటి ఉద్యోగంలో ఆ 'నువ్వు తప్ప' అన్న మాట రోజూ వినేదాన్ని. అది విని రాత్రి దాకా కూర్చునేదాన్ని. ఒకసారి జ్వరం వచ్చి వారం రోజులు సెలవు పెట్టాను. తిరిగి వెళ్లేసరికి నా పనంతా ఎవరో శుభ్రంగా చేసేశారు. మునగచెట్టు ఎక్కించడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మునగ కొమ్మ ఎంత పెళుసో తెలిసినవాళ్లే పుట్టించి ఉంటారు ఆ మాట.

నాకు నచ్చిన సంగతేమిటంటే, గుర్తింపు కావాలని వాదించిన హొన్నెత్ తనే ఆ తర్వాత ఈ చిక్కు గురించి రాశాడు. మంచి బానిస, మంచి ఇల్లాలు, వీరసైనికుడు. ఈ ముగ్గురికీ పొగడ్త దక్కింది. ముగ్గురూ దానికి పొంగిపోయారు కూడా. పొంగిపోయి, ఉన్నచోటే ఉండిపోయారు. పొగడ్త అబద్ధమైతే పట్టుకోవడం తేలిక. నిజంగా సంతోషపెట్టే పొగడ్తను పట్టుకునేదెలా?

దానికి ఆయన చూపిన ఆనవాలు ఒకటుంది. ఈ పూటకు అదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. మాట వెనకాల ఇంకేమైనా కదిలిందా, లేదా? జీతం కదిలిందా? చట్టం కదిలిందా? హక్కు కదిలిందా? "నీ అంత ఓపిక ఎవరికుంది" అన్నవాళ్లు ఆ ఓపిక అవసరాన్ని కాస్తయినా తగ్గించారా? మాట వచ్చి అక్కడే నిలబడిపోతే, వెనక్కి తిరిగేముందు ఒక్క క్షణం ఆగవచ్చు.

చెప్పినంత సులువు కాదు లెండి. అద్దం అవతలనుంచి మా ఇంజినీరు గారు చెయ్యి ఊపుతున్నారు. టైమ్ అయిపోయిందట. ఎవరినా అని పక్కకు చూడబోయాను. ఈ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. నన్నే.