డిమ్మర్‌స్టాట్‌తో ట్యూబ్ ఆంప్ ఓవర్‌డ్రైవ్: 230 వోల్టుల మీద ఎంతవరకు దించొచ్చు?

నమస్తే అండీ. ఎడమ పక్కన ఉన్నది నాలుగు ఈఎల్34 ట్యూబుల వంద వాట్ల ఆంప్, పాత మార్షల్ సూపర్ లీడ్ సర్క్యూట్. కుడి పక్కన 4 యాంపియర్ల డిమ్మర్‌స్టాట్, అంటే డయల్ తిప్పి మెయిన్స్ వోల్టేజ్‌ని తగ్గించే, పెంచే ట్రాన్స్‌ఫార్మర్. గిటార్ వాళ్లు వేరియాక్ అనేది దీన్నే. వంద వాట్ల ఆంప్‌కి ఇంతకన్నా చిన్నది తీసుకోకండి.

వాన్ హేలెన్ 1978 మొదటి ఆల్బమ్ టోన్ గురించి మాట్లాడితే దీని పేరే వస్తుంది. ఆ బ్యాండ్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ 120 వోల్టుల కరెంటుని 90 దాకా దించేవాడు, అంటే నూటికి 75. మన 230కి ఆ లెక్కన 172. అంకె చూసి ఇక్కడ కూడా 90కి తిప్పేస్తే ఆంప్ మూగబోతుంది.

ఇప్పుడు వినండి. ఇది 230. ఇది 207. పిక్ గట్టిగా పడగానే నోటు కాస్త కుంగి మళ్లీ లేస్తోంది చూశారా? బాస్‌లో బిగువు తగ్గింది, క్లిప్పింగ్, అంటే ఓవర్‌డ్రైవ్‌గా వినిపించే చీలిక, త్వరగా మొదలైంది. శబ్దం మాత్రం అంతే ఉంది. 172కి దించినా వంద వాట్లు 56 దాకా వస్తాయి, అది రెండున్నర డెసిబెల్స్. పక్కింటివాళ్ల కోసమైతే ఇది దండగ, ఆంప్‌కి, స్పీకర్‌కి మధ్య శబ్దం తగ్గించే అటెన్యుయేటర్ కొనుక్కోండి.

అసలు చిక్కు హీటర్లతో, అంటే ట్యూబు లోపల ఎలక్ట్రాన్లు వదిలే కేథోడ్‌ని వేడిచేసే తీగలతో. డిమ్మర్‌స్టాట్ ప్లేట్ వోల్టేజ్ (ట్యూబులోని ప్లేట్‌కి వెళ్లే పెద్ద వోల్టేజ్)తో పాటు హీటర్ వోల్టేజ్‌ని కూడా దించేస్తుంది. 6.3 ఉండాల్సింది 207 దగ్గర 5.7 అవుతుంది. పది శాతం తేడా వరకు ట్యూబులు ఓర్చుకుంటాయి. 172 దగ్గర 4.7, కేథోడ్ చల్లబడి ట్యూబు ఆయుష్షు మీదకొస్తుంది. అందుకే నా హద్దు 207.

ఇంకోటి బయాస్, అంటే వాయించనప్పుడు ట్యూబులో పారే కరెంటుని అమర్చడం. దించాక సౌండ్ పల్చగా ఉందని ట్యూబుకి 45 మిల్లీయాంప్స్‌కి బయాస్ పెంచేవాళ్లున్నారు. 345 వోల్టుల ప్లేట్ మీద అది పదిహేనున్నర వాట్లు, బాగానే ఉంటుంది. రేపు ఎవరో డిమ్మర్‌స్టాట్ లేకుండా గోడ సాకెట్‌లోనే పెట్టేస్తారు. ప్లేట్ 460కి, కరెంటు 70 దగ్గరకి ఎగబాకుతుంది. ముప్ఫై రెండు వాట్లు! ఈఎల్34 పరిమితి 25. ప్లేట్లు ఎర్రగా కాలి, వెంటనే కట్టకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. బయాస్ 230 దగ్గరే పెట్టి వదిలేయండి. ఆంప్ విప్పాల్సొస్తే, స్విచ్ కట్టినా కెపాసిటర్లలో నాలుగొందల వోల్టులు నిలిచి ఉంటాయి. మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

మన దగ్గర అంకె కూడా నిలకడగా ఉండదు. భీమవరం వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లు తిరిగే ఊళ్లలో రాత్రి వోల్టేజ్ దిగితే, మధ్యాహ్నం 207 దగ్గర పెట్టిన డయల్ 185 ఇవ్వొచ్చు. డయల్ మీద గీతల్ని నమ్మకుండా అవుట్‌పుట్‌కి మీటర్ తగిలించండి. స్టెబిలైజర్ ఉంటే డిమ్మర్‌స్టాట్‌కి ముందు పెట్టాలి. వెనక పెడితే మీరు దించింది అది మళ్లీ ఎక్కించేస్తుంది.

ఇది 270 దాకా కూడా వెళ్తుంది, అదే భయం. 230 దగ్గర డయల్‌కి అడ్డంగా స్క్రూ బిగించండి. డబ్బా లేని రకమైతే టెర్మినల్స్ బయటికే ఉంటాయి. డబ్బాలో బిగించి, ఫ్యూజ్ వేసి, ఎర్త్ వైరు సాకెట్ నుంచి ఆంప్ దాకా తెగకుండా తీసుకెళ్లండి. పాత పెంకుటిళ్లలో మూడో పిన్ను ఖాళీగా వదిలేయడం మామూలే, ముందు అది చూపించుకోండి.

అమెరికా ఆంప్ ఉన్నవాళ్లకి ఇవన్నీ అక్కర్లేదు. 110 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెడితే 120లో 92 శాతం వచ్చేసినట్టే, హీటర్ 5.8. మనది 50 హెర్ట్జ్, అక్కడిది 60 కాబట్టి ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కుతోందేమో మాత్రం ఓ గంటాగి ముట్టుకుని చూడండి. పాత బ్రిటిష్ ఆంపుల్లో వోల్టేజ్ సెలెక్టర్ 240 మీద పెడితే నాలుగు శాతం ఉచితం. ఇంకా కిందికి దించాలనుంటే హీటర్లు ముట్టుకోకుండా ప్లేట్ వోల్టేజ్ ఒక్కటే తగ్గించే మోస్‌ఫెట్ సర్క్యూట్ ఉంది, వీవీఆర్ అంటారు. పదిహేను వాట్ల కేథోడ్ బయాస్ (బయాస్ దానంతటదే సర్దుకునే) ఆంప్‌లో తేలిగ్గా కుదురుతుంది. నన్నడిగితే డిమ్మర్‌స్టాట్ కన్నా అదే మేలు. రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), డిజిటల్ ఎఫెక్ట్‌లు ఉన్న కొత్త ఆంపులకి మాత్రం డిమ్మర్‌స్టాట్ జోలికే పోకండి, రిలేలు మధ్యలో జారిపోతాయి.

కోనసీమ తేమకి లోపలి కార్బన్ బ్రష్ తిరిగే దారి పచ్చగా చిలుమెక్కుతుంది. తిప్పుతుంటే స్పీకర్లో చిటపట వినిపిస్తే, ప్లగ్ తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బ్రష్ అరిగిందేమో చూడండి.