ధ్యానంలో గురువు చేసే పని ఏంటి?

అందరికీ నమస్కారం. ఈ మధ్య ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న, ఫోన్‌లో యాప్‌లున్నాయి, వీడియోలున్నాయి, ఇంకా గురువెందుకండీ అని. అడగాల్సిన ప్రశ్నే. కళ్ళు మూసుకుని నిటారుగా కూర్చోవడం నేర్చుకోడానికైతే వీడియో చాలు, నాకేం అభ్యంతరం లేదు. చిక్కంతా ఆ తర్వాతే.

ఒక సాధకుడు రోజూ అరగంట కూర్చుంటున్నాడనుకోండి. కొన్నాళ్ళకి ఆలోచనలు ఆగిపోతాయి, టైమ్ తెలీదు, లేచాక హాయిగా ఉంటుంది, ఇంకేముంది, సమాధి కుదిరేసింది అనుకుంటాడు. ఎదురుగా కూర్చున్న గురువుకి కనిపించేది వేరు. గడ్డం మెల్లగా ఛాతీ మీదకి వాలుతోంది, నడుం కూలబడింది, ఊపిరి నిద్రలో తీసినట్టు బరువెక్కింది. అది లయ, అంటే మనసు నిద్రలాంటి మత్తులోకి జారిపోవడం, సమాధి కాదు. మనసు లయలోకి జారితే మేలుకొలుపు, చెదిరితే శాంతపరచు, అక్కడ దొరికే సుఖాన్ని కూడా ఆస్వాదిస్తూ ఉండిపోకు అని అద్వైత గురువు గౌడపాదులు మాండూక్య కారికల్లో ఎప్పుడో చెప్పారు. చదవడానికి బానే ఉంటుంది గానీ జారినవాడికి తను జారానని తెలిస్తే కదా మేలుకునేది! పతంజలి మహర్షి కూడా యోగానికి 9 అంతరాయాలు చెప్తూ అందులో భ్రాంతిదర్శనం, అంటే ఒకదాన్ని చూసి ఇంకోటనుకోవడం, అనేదాన్ని పెట్టారు, కళ్ళ ముందు ఏదో వెలుగు కనబడగానే కుండలిని, అంటే వెన్ను అడుగున నిద్రపోతుందని చెప్పే శక్తి, లేచిపోయింది అనుకునేవాళ్ళందరూ దాని కిందకే వస్తారు.

సుఖం దగ్గర ఆగిపోవడం అన్నాను కదా, అది రామకృష్ణ పరమహంస అంతటివారికే తప్పలేదు. ఏ రూపం, ఏ ఆలోచన మిగలని నిర్వికల్ప సమాధి కోసం కూర్చుంటే ఎంతసేపూ కాళీమాత రూపమే కళ్ళ ముందు నిలబడేది, ఆ రూపం దాటి మనసు పోనంటోంది, నా వల్ల కాదు అనేశారాయన. అప్పుడు ఆయనకి అద్వైతం నేర్పుతున్న గురువు తోతాపురి ఒక గాజు ముక్క తీసుకుని ఆయన కనుబొమల మధ్య గట్టిగా గుచ్చి, మనసు ఇక్కడ పెట్టు అన్నారు. శిష్యుడికి అంత ఇష్టమైన దర్శనాన్ని దాటించాలంటే, అతను సరిగ్గా ఎక్కడ ఆగాడో చూసే మనిషి పక్కన ఉండాలి, ఆ పని ఏ యాప్ చేస్తుంది చెప్పండి?

మరి రమణ మహర్షికి గురువెవరండీ అంటారు. 1896లో, 16 ఏళ్ళ వయసులో తను చచ్చిపోతున్నట్టు అనిపించిన ఆ మరణానుభవం కలిగినప్పుడు పక్కన మనిషి రూపంలో గురువు లేరు, నిజమే. ఆయన అరుణాచలం కొండనే గురువుగా చెప్పుకున్నారు. అలాంటివారు ఎక్కడో ఒకరు, మనం ఆ లెక్కలో వేసుకోకూడదు.

అలాగని ఎవరి కాళ్ళ మీద పడితే వాళ్ళ కాళ్ళ మీద పడమని నేను అనట్లేదు. గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు నమస్కారం, సేవ అని ఊరుకోలేదు, మధ్యలో ప్రశ్నించమని కూడా చెప్పాడు. ప్రశ్న అడిగితే కోపమొచ్చేవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి, మొహమాటం వద్దు. మంచి గురువు దొరికితే మాత్రం గొప్ప అనుభవాలే ఏరి చెప్పకండి, కునుకు పట్టిందీ, విసుగొచ్చిందీ, తల బరువెక్కిందీ, భయమేసిందీ, అన్నీ చెప్పండి. ముఖ్యంగా కుంభకం, అంటే ఊపిరి బిగపట్టే సాధన, చేసేవాళ్ళు. సింహాన్నీ ఏనుగునీ పులినీ మచ్చిక చేసుకున్నట్టు ప్రాణాన్ని మెల్లమెల్లగా లొంగదీసుకోవాలని, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుందని హఠయోగ ప్రదీపికలో ఉంది, కాబట్టి గురువు దొరికేదాకా ఊపిరిని బిగపట్టకండి, దాని మానాన దాన్ని రానిచ్చి పోనిచ్చి గమనిస్తూ కూర్చోండి.