ఊపిరి లెక్కపెట్టండి
(తిరుపతిలో కాలేజీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఫెంటానిల్ పేరు ఈమధ్య వార్తల్లో తరచుగా వినిపిస్తోంది. నిజానికి అది ఆస్పత్రిలో నొప్పి తెలియకుండా ఇచ్చే మందు. 1960 ప్రాంతంలో బెల్జియంలో పాల్ జాన్సెన్ బృందం తయారుచేసింది. మార్ఫిన్ కంటే దాదాపు 100 రెట్లు బలమైనది. మన దగ్గర పెద్ద ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లలో చాలామందికి మత్తు డాక్టరు ఇచ్చే ఉంటారు. 2 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో, అంటే ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు గొట్టంలో, ఉండేది 100 మైక్రోగ్రాములే. ఆ కాస్త ఇచ్చేటప్పుడు కూడా పక్కన ఆక్సిజన్, ఊపిరి కొట్టే బ్యాగు, వేలికి పల్స్ ఆక్సిమీటరు, కళ్లార్పకుండా చూసే మనిషి ఉండాల్సిందే. అలవాటు లేనివాళ్ల ప్రాణం తీయగలదని అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ చెప్పే మోతాదు 2 మిల్లీగ్రాములు. అంటే అలాంటివి 20 ఆంప్యూళ్లు. పొడిగా చూస్తే పెన్సిల్ ములుకు మీద నిలిచేంత.

దొంగచాటున తయారయ్యే ఫెంటానిల్‌ను తూచేవాడు లేడు. పిండిపదార్థంలో కలిపి, మెషిన్‌లో ఒత్తి, నొప్పి మాత్ర ఆక్సీకోడోన్ అనో, ఆందోళన తగ్గించే జానాక్స్ అనో, ఏకాగ్రతకు ఇచ్చే ఆడరాల్ అనో ముద్ర వేస్తారు. రంగు, అంకె, గీత అన్నీ అసలు మాత్రలాగే ఉంటాయి. బండి మీద కలిపిన బొరుగుల మిక్చర్‌లో ఒక పొట్లానికి కారమంతా చేరి, ఇంకో పొట్లం చప్పగా ఉన్నట్టే, ఒకే కవర్లోని మాత్రల్లో ఒకదాంట్లో ఏమీ ఉండదు, పక్కదాంట్లో మనిషిని చంపేంత ఉంటుంది. స్నేహితుడు వేసుకుని బాగానే ఉన్నాడు కదా అన్న ధైర్యం అందుకే పనికిరాదు. 2023లో ఇందాక చెప్పిన అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ పరీక్షించిన ఫెంటానిల్ నకిలీ మాత్రల్లో ప్రతి పదింటిలో ఏడింటికి ప్రాణం తీసే మోతాదు ఉంది. 2022లో అమెరికాలో మత్తు మోతాదు మించి చనిపోయినవాళ్లు దాదాపు 1,08,000 మంది. 2024కి ఆ లెక్క 80,000 దగ్గరికి దిగింది. దిగినా అది చిన్న సంఖ్య కాదు.

తిరుపతిలో ఈ మాట ఎందుకంటారా? ఎం.ఎస్. కోసం అమెరికా విమానం ఎక్కే పిల్లలు మన ఇళ్ల నుంచే వెళ్తున్నారు. పరీక్షల వారంలో రాత్రంతా మేలుకోవడానికి రూమ్మేట్ ఇచ్చే ఒక్క మాత్ర, ఫోన్లో ఆర్డరు పెట్టిన ఒక్క మాత్ర, వాళ్లకు ఎదురయ్యే ప్రమాదం అదే. మందుల షాపులో డాక్టరు చీటీ మీద, వాళ్ల పేరుతో ఇచ్చింది తప్ప ఏ మాత్రా వద్దని చెప్పి పంపండి. ఇక్కడి ప్రమాదం వేరే రూపంలో ఉంది. ట్రామడాల్, టాపెంటడాల్ అనే నొప్పి మాత్రలు, కోడీన్ దగ్గు మందు, వీటిమీద ఆల్‌ప్రజోలామ్ అనే నిద్రమాత్ర, పైన మద్యం. ట్రామడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం, అంటే ఎన్.డి.పి.ఎస్. చట్టం కిందికి తెచ్చారు. మందు ఏదైనా, ఇవి కలిసినప్పుడు చావు వచ్చే దారి మాత్రం ఒక్కటే: ఊపిరి.

ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగితే మెదడు కింది భాగం "గాలి పీల్చు" అని ఆజ్ఞ ఇస్తుంది. ఈ మందులు ఆ ఆజ్ఞను నొక్కేస్తాయి. మనిషికి ఉక్కిరిబిక్కిరి అనిపించదు, గింజుకోడు, అరవడు. ఊపిరి పలచబడి ఆగిపోతుంది. ఆక్సిజన్ అందకపోతే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

పక్కనున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే. నాలుక వెనక్కి జారి, గొంతులో ఉమ్మి చేరి, గరగరమని గురక వస్తుంది. "బాగా నిద్రపట్టింది, లేపొద్దు" అని లైటు తీసేసి వెళ్తారు. 2019 జూలై నుంచి 2021 డిసెంబరు వరకు అమెరికాలో 10–19 ఏళ్ల పిల్లల్లో మత్తు మోతాదు మించి జరిగిన మరణాలను పరిశీలిస్తే, దాదాపు మూడింట రెండు వంతుల మరణాల్లో చుట్టుపక్కల ఎవరో ఒకరు ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఏమీ చేయలేదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటారనే ఇంతసేపూ మాట్లాడుతున్నాను.

అనుమానం రాగానే పేరు పెట్టి గట్టిగా పిలవండి. రొమ్ము ఎముక మీద పిడికిలి మెటికలతో గట్టిగా రుద్దండి. కదలకపోతే ఛాతీ చూస్తూ పది సెకన్లు లెక్కపెట్టండి. మామూలుగా ఆ వ్యవధిలో రెండు మూడు ఊపిర్లు రావాలి. ఒక్కటే వచ్చినా, అసలు రాకపోయినా ప్రమాదం. కనుపాప సూది మొనంత చిన్నదై ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే ఒళ్లు నీలంగా మారుతుందంటారు, మన ఒంటిరంగులో అది సరిగా కనబడదు. కింది పెదవి తిప్పి లోపల, చిగుళ్లు, గోళ్లు బూడిద రంగుకు తిరిగాయేమో చూడండి.

వెంటనే 108కి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి పక్కన ఉంచండి. అమెరికాలో అయితే 911. "ఊపిరి తీసుకోవడం లేదు" అన్నది మొదటి మాట కావాలి. వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో ఏమైనా కనిపిస్తే తీసి, నుదురు వెనక్కి వంచి, గడ్డం పైకెత్తండి. ముక్కు మూసి, నోటితో నోరు కప్పి, ఐదు సెకన్లకు ఒక ఊపిరి ఇవ్వండి. ఛాతీ లేవాలి. లేవకపోతే తల వంపు సరిగా లేదన్నమాట, మళ్లీ వంచండి. ఊపిరి, నాడి రెండూ లేకపోతే ఛాతీ మధ్య గట్టిగా నొక్కడం కూడా మొదలుపెట్టాలి. ఫోన్లో ఉన్నవాళ్లు చెప్పినట్టు చేయండి.

ఫెంటానిల్‌కు విరుగుడు నాలోక్సోన్. అమెరికాలో 4 మిల్లీగ్రాముల ముక్కు స్ప్రేకు 2023 మార్చిలో చీటీ లేకుండా అమ్మే అనుమతి వచ్చింది. పెట్టెలో రెండు ఉంటాయి. పరీక్షకని ముందే నొక్కకండి, ఒక్కోదాంట్లో ఒక్క మోతాదే ఉంటుంది. వేళ్లు ముక్కుకు తగిలేదాకా మొన లోపల పెట్టి, పూర్తిగా నొక్కండి. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి రాకపోతే రెండోది ఇంకో రంధ్రంలో. ఈలోగా నోటితో ఊపిరి ఇవ్వడం ఆపొద్దు. నిద్రమాత్రల మీద, మద్యం మీద ఇది పనిచేయదు, కానీ ఏం తీసుకున్నాడో తెలియకపోయినా ఇవ్వొచ్చు, హాని చేయదు. మన ఊళ్లో ఇది ప్రధానంగా ఆస్పత్రిలో ఇంజెక్షన్‌గా ఉంటుంది కాబట్టి 108 వచ్చేదాకా మీ ఊపిరే మందు.

నిమ్మరసం, మజ్జిగ, ఉప్పునీళ్లు నోట్లో పోయకండి, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చన్నీళ్లు కుమ్మరించడం, చెంపలు వాయించడం, రెండువైపులా పట్టుకుని నడిపించడం, అన్నీ టైము వృథా.

మనిషి తేరుకున్నాడని వదిలేయకండి. నాలోక్సోన్ 30 నుంచి 90 నిమిషాలే పనిచేస్తుంది, మత్తు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు. ఊపిరి మళ్లీ ఆగొచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, కనిపెట్టుకుని ఉండి, ఆస్పత్రికి చేర్చండి. ఏ మాత్రలు, ఎన్ని, ఎప్పుడు అన్నది డాక్టరుకు దాచకండి, ఖాళీ స్ట్రిప్పు జేబులో వేసుకుని తీసుకెళ్లండి.

పోలీసు కేసవుతుందని, పరువు పోతుందని ఫోన్ చేయని ఇళ్లున్నాయి. ఆ భయానికి పిల్లాడి ప్రాణం కట్టకండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇలాంటప్పుడు ఫోన్ చేసినవాళ్లకు చట్టం కొంత రక్షణ ఇస్తుంది. మన ఎన్.డి.పి.ఎస్. చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది: వాడకం కేసులో గానీ, కొద్ది పరిమాణం దొరికిన కేసులో గానీ వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో చికిత్సకు వస్తే విచారణ నుంచి మినహాయింపు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

చికిత్స నుంచి వచ్చిన మొదటి వారాలు అన్నిటికంటే ప్రమాదం. ఒళ్లు అలవాటు తప్పి ఉంటుంది, పాత మోతాదే ఇప్పుడు చంపుతుంది. ఒక్కడినే గదిలో గడియ వేసుకుని ఉండనివ్వకండి. వ్యసనం నుంచి బయటపడేయడానికి ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ లాంటి మందులు డాక్టరు రాస్తే, "ఒక మత్తు పోయి ఇంకోటి" అని మీరే మాన్పించకండి; చావులు తగ్గించేవి అవే. సలహాకు జాతీయ హెల్ప్‌లైన్ 14446. అమ్మేవాళ్ల సమాచారం చెప్పాలంటే రాష్ట్రంలో మాదకద్రవ్యాలను అరికట్టే పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972.

ఇప్పుడు ముందు వరుసలోవాళ్లు ఇద్దరిద్దరుగా రండి. బొమ్మ మీద తల వంచడం, ఊపిరి ఇవ్వడం చేసి చూద్దాం.